మన రాళ్ళకు సాక్షి ట్రైప్ దొర

ప్రవాసాంధ్రులమైన మనకు ఫోటో వట్టి అలంకారం కాదు. తాతముత్తాతల ఊరు, ఆ ఊరి గుడి, చెరువుగట్టు, ఇంటి ముందరి అరుగు, ఇవన్నీ మన పిల్లలకు తెలిసేది చాలావరకు గోడకు తగిలించిన పటాల వల్లనే. గుడియాత్తంలోనేమి, వేలూరులోనేమి, మన ఇండ్లలో పెట్టెల అడుగున ఇట్టి పటాలు ఎన్నో వున్నవి. వాటి విలువ ఎంత అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టం. సరిగా ఈ ప్రశ్నే 1859లో మద్రాసు గవర్నరుగారి ఎదుటకు వచ్చింది. ఆయన ఇచ్చిన తీర్పు వల్ల ఒక గొప్ప ఛాయాచిత్రకారుని కృషి నడుమనే ఆగిపోయింది. ఆ చిత్రకారుడు కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్.

ట్రైప్ తెలుగువాడు కాడు. ఈ దేశస్థుడూ కాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగం చేసిన ఇంగ్లీషు దొర. అయినా అమరావతి శిల్పాలు సీమకు ఓడ యెక్కక ముందు ఎట్లా వుండేవి, మదురలో మన తిరుమల నాయకుని మహలు మరమ్మతులకు ముందు ఏ స్థితిలో వుండేది అని తెలుసుకోవాలంటే ఈయన పటాలను ఆశ్రయించవలసిందే. ఆ ఋణం చేతనే ఈ ఉగాది సంచికలో ఆయన జీవితాన్ని నాలుగు మాటలలో తలచుకొందాం.

జననము, ఉద్యోగము

ఇంగ్లండు దేశానికి నైఋతి మూలన డెవన్ సీమ వుంది. అందులో డెవన్‌పోర్టు అనే ఓడరేవు పట్టణంలో 1822లో ట్రైప్ జన్మించాడు. పెద్ద కుటుంబం; అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు చాలామంది. ఆ కాలంలో అట్టి కుటుంబాల పిల్లలకు కంపెనీ కొలువు ఒక బ్రతుకుతెరువు. 1838లో ట్రైప్ కంపెనీ సైన్యంలో చేరి, మద్రాసు నేటివ్ పదాతిదళంలో పన్నెండవ పటాలానికి ఉద్యోగిగా వచ్చాడు. పొట్టకూటి కోసం పుట్టిన గడ్డ విడిచి వేల మైళ్ళు వచ్చినవాడన్నమాట. ఈ సంగతి మనకు క్రొత్తది కాదు.

మరుసటి యేడు 1839లోనే పారిస్ నగరంలో డాగేర్, ఇంగ్లండులో టాల్బట్ తమ తమ ఛాయాచిత్ర పద్ధతులను లోకానికి వెల్లడించారు. అంటే ట్రైప్ ఉద్యోగమూ ఫోటోగ్రఫీయూ ఇంచుమించు ఒకే యీడువి. అయితే రెంటికీ పరిచయం కలగడానికి పన్నెండేళ్ళకు పైగా పట్టింది. సెలవు మీద స్వదేశానికి వెళ్ళినప్పుడు ఆయన ఈ విద్య నేర్చుకొన్నాడు. 1853లో లండనులో ఏర్పడిన ఫోటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యుడుగా చేరాడు. డెవన్‌పోర్టు రేవులోని ఓడలను, నౌకానిర్మాణశాలను తీసి చెయ్యి సరిచేసుకొన్నాడు. 1854లో తిరిగి మన దేశానికి వచ్చేటప్పటికి పెట్టెలలో కత్తితోపాటు కెమెరా కూడా వచ్చింది. మకాం బెంగుళూరు.

పెద్ద కెమెరా పని

ఇప్పుడు జేబులో ఇమిడే ఫోనుతో క్షణానికి పది పటాలు తీస్తున్నాము. నాటి శ్రమ ఎట్టిదో కొంచెం వివరించక తప్పదు. ఆ కాలంలో చిన్న నెగటివు నుండి పెద్ద పటం తీసే వసతి వ్యవహారంలో లేదు. నెగటివు ఎంతో పటమూ అంతే. ట్రైప్ కోరిన పటం సుమారు పదిహేను అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు. కాబట్టి కెమెరా కూడా ఆ కాగితం పట్టేటంత చెక్కపెట్టె. దానిని ముక్కాలిపీట మీద నిలిపి, తల మీద నల్లగుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకు అద్దం మీద తలక్రిందులుగా కనిపించే బొమ్మను చూచి సరిదిద్దుకోవాలి.

నెగటివు తయారుచేయడం మరొక తపస్సు. గాజుపలక మీద రసాయనం పూసి, తడి ఆరకముందే పటం తీసి కడిగే పద్ధతి ఒకటి అప్పటికే వచ్చింది. కాని మన యెండలలో ఆ తడి నిలవడం కష్టం; ప్రతి చోటికీ చీకటి గుడారం మోసుకొనిపోవాలి. అందుచేత ట్రైప్ ఎక్కువగా మైనపు కాగితాన్ని నమ్ముకొన్నాడు. ఇది ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ ల గ్రే 1851లో ప్రకటించిన పద్ధతి. మంచి కాగితానికి కరిగిన తెల్లమైనం పట్టించి, ఇస్త్రీపెట్టెతో ఒత్తి, కాగితం నరనరానికీ ఎక్కిస్తారు. తరువాత అయొడైడు మొదలైన లవణాలు కలిపిన నీటిలో నానవేస్తారు. ల గ్రే చెప్పిన ఆ పాకంలో గంజినీళ్ళు కూడా ఒక దినుసు! నూలుకు గంజి పెట్టడం ఎరిగిన మన నేతగాళ్ళకు ఇది వింటే ముచ్చటగా వుంటుంది. పిమ్మట చీకటిలో వెండి నైట్రేటు ద్రావకంలో ముంచి ఆరవేస్తారు. ఇట్లా సిద్ధమైన కాగితం కొన్ని రోజులు నిలువ వుంటుంది. పటం తీసిన తర్వాత వెంటనే కడగనక్కర లేదు. మకాము చేరి, మాచికాయల నుండి తీసే గాలిక్ ఆమ్లంతో తీరికగా బొమ్మను పైకి తేవచ్చు. ఎడ్లబండి మీద వందల మైళ్ళు తిరిగేవానికి ఇంతకు మించిన సదుపాయం లేదు.

అయితే దీనికి వెల వుంది. కాగితం వెలుతురును నెమ్మదిగా గ్రహిస్తుంది. కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరచివుంచాలి. ఆ లోపల గాలికి కొమ్మ కదిలినా, దారిన పోయే ఆవు తల త్రిప్పినా అక్కడ మసక పడుతుంది. రాయి మాత్రం కదలదు. ట్రైప్ కొండలను, కోటలను, గుడులను ఎన్నుకోవడంలో అభిరుచితోపాటు ఈ చిక్కు కూడా కొంత కారణం.

పదిమంది ముందు పెట్టిన పటాలు

1854 డిసెంబరులో ట్రైప్ తన స్నేహితుడైన డాక్టర్ నీల్‌తో కలిసి మైసూరు రాజ్యంలోని బేలూరు, హళేబీడు మొదలైన చోట్లకు వెళ్ళి హోయసల శిల్పాలను పటాలు తీశాడు. 1855 ఫిబ్రవరిలో మద్రాసులో దక్షిణదేశపు పంటలు, కళలు, చేతిపనుల ప్రదర్శనం జరిగింది. ట్రైప్ అందులో 68 పటాలు ఉంచాడు. పరీక్షకులు వాటిని తక్కినవాటితో పోల్చి చూచి, కాగితం మీద తీసిన పటాల వరుసలలో ఇదే ఉత్తమమని నిర్ణయించి మొదటి తరగతి పతకం ఇచ్చారు.

ఆ మరుసటి యేడు, 1856లో, మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ వెలసింది. మద్రాసులో చిత్రకళాశాలను స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ దీనికి ముఖ్యుడు. ఇట్టి సంఘాలు బొంబాయిలోను కలకత్తాలోను కూడా ఆ రోజులలోనే పుట్టినవి. అభిరుచి గలవారు తాము తీసిన పటాలను తెచ్చి బల్ల మీద పరచేవారు. ఒకరి పటంలోని గుణదోషాలను మరొకరు ఎంచేవారు. ఏ ద్రావకం ఎండకు చెడుతున్నది, ఏ కాగితం బాగా నిలుస్తున్నది అని ముచ్చటించుకొనేవారు. మన అష్టావధానంలో పృచ్ఛకులు లేనిదే అవధాని లేడు గదా. ఛాయాచిత్రకళకు కూడా అట్టి సభ కావలసివచ్చింది.

బర్మా ప్రయాణం

1855లోనే కంపెనీవారు బర్మా రాజు మిండాన్ కొలువుకు రాయబారం పంపారు. నాయకుడు ఆర్థర్ ఫేర్. కార్యదర్శి హెన్రీ యూల్. బొమ్మలు గీయడానికి ఒక చిత్రకారుడు, ఫోటోలు తీయడానికి ట్రైప్. అది వానలు వెనుకబట్టని కాలం. దారిలో జబ్బు చేసింది. రాయబారం ఆగినచోటనే తాను ఆగాలి, కదిలినప్పుడు కదలాలి. ఇన్ని ఇబ్బందులలోను రెండు వందలకు పైగా నెగటివులు తెచ్చాడు. పగాన్‌లోని పాడుపడ్డ గోపురాలు, అమరపుర రాజధాని, రంగూనులోని ష్వేడగోన్ పగోడా అందులో వున్నవి. తరువాతి కాలంలో బియ్యపు మిల్లులకు, రేవు పనులకు ఓడలలో వెళ్ళిన మన తెలుగు కూలీలు రంగూనులో దిగి చూచిన పగోడా అదే.

వాటిలో 120 పటాలను ఏరి, బెంగుళూరులో ఒక్కొక్కటి 50 ప్రతుల చొప్పున ఎండలో అచ్చుతీయించి 1857లో సంపుటాలుగా ఇచ్చాడు. అంటే 6,000 పటాలు, ఒక్కొక్కటీ చేతితోనే. ఆ సంపుటానికి వ్రాసిన ముందుమాటలో తన పటాల లోపాలను తానే చెప్పుకొన్నాడు. సమయం చాలలేదని, వాతావరణం అనుకూలించలేదని, చెడినదానిని మళ్ళీ తీసే వీలు చిక్కలేదని ఆయన భావం. పతకం వచ్చినవాడు కదా అని తన పనిని తాను విడిచిపెట్టలేదు.

దక్షిణదేశ యాత్ర

1856లో ట్రైప్‌ను మద్రాసు రాజధానికి ప్రభుత్వ ఛాయాచిత్రకారునిగా నియమించారు. పాతవస్తువుల బొమ్మలు చేతితో గీయించుటకన్న ఫోటో తీయించుట మేలని కంపెనీ పెద్దలు అప్పటికే అభిప్రాయపడ్డారు. కాలానికి బలియై మాయమైపోకముందే ఈ దేశపు కట్టడాలను, శిల్పాలను, శాసనాలను పట్టి వుంచాలని ట్రైప్ తన కార్యక్రమం వేసుకొన్నాడు.

1857 డిసెంబరులో బెంగుళూరు నుండి బండ్లు కదిలినవి. ఆ యాత్రలో మన ప్రాంతానికి దగ్గరగా ఆయన నిలిచిన తావు రాయకోట. నాడు సేలం జిల్లా, నేడు కృష్ణగిరి జిల్లా. బారామహలు దుర్గాలలో ఒకటైన ఆ కొండకోటను 1791లో ఇంగ్లీషువారు టిప్పు సుల్తాను వద్దనుండి పట్టుకొన్నారు. తెలుగు మాట నేటికీ వినిపించే సీమ అది. మన గుడియాత్తం చుట్టూ కనిపించే బోడిగుండ్ల వంటి గుండ్లే అక్కడా. రాయకోట, సేలం సీమల పటాలు ఒక సంపుటంగా వెలువడ్డవి.

అక్కడనుండి తిరుచినాపల్లి, శ్రీరంగం, మదుర, పుదుక్కోట, తంజావూరు చూచి 1858 వేసవిలోగా యాత్ర ముగించాడు. తిరుచినాపల్లి రాతికోటను, మదుర దగ్గర పడుకొన్న ఏనుగు వంటి ఆనమలను దూరం నుండి తీసిన పటాలు ప్రకృతి దృశ్యాలలో మేలైనవి. ముందు బయలు నేల, నడుమ నిద్రపోతున్న కొండ. అంతకు మించి ఏమీ లేదు. అయినా చూచినవాని కన్ను అక్కడే నిలుస్తుంది. తంజావూరు పెద్దగుడిలో విమానం అడుగున చుట్టూ చెక్కిన శాసనాలను కెమెరా కొంచెం కొంచెంగా జరుపుతూ 21 నెగటివులలో తీసి, వాటిని వరుసగా అతికించి 19 అడుగులకు పైబడిన ఒకే పటం చేశాడు. ఓపికకు అంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

మనవారి దృష్టిలో మదుర పటాలు మరీ విలువైనవి. మదుర నేలిన నాయకరాజులు తెలుగు వంశీయులు. తిరుమల నాయకుని మహలు అప్పటికి చాలాభాగం కూలి, మిగిలిన స్తంభాల మధ్య పిచ్చిమొక్కలు మొలచివుంది. 1866 తరువాత గవర్నరుగా వచ్చిన నేపియర్ ప్రభువు కాలంలో దానికి మరమ్మతులు జరిగినవి. మరమ్మతుకు ముందు ఏది నిలిచివున్నది, ఏది పడిపోయింది అనడానికి ట్రైప్ పటాలు తిరుగులేని సాక్ష్యం.

అమరావతి రాళ్ళు

ఇక మన గుండెకు దగ్గరి సంగతి. కృష్ణ ఒడ్డున అమరావతిలోని మహాచైత్యపు రాళ్ళను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసుకు పంపాడు. పలనాటి సున్నపురాతిలో చెక్కిన ఆ శిల్పాలను దొరలు పాలరాయి అనుకొని ఎలియట్ మార్బుల్స్ అని పేరు పెట్టారు. అవి మద్రాసులో ఏండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసినవి. 1858లో ట్రైప్ మ్యూజియంలోని ఆ రాళ్ళను, మరికొన్ని వస్తువులను కలిపి 75 పటాలుగా తీశాడు.

1859లో ఆ రాళ్ళలో పెద్ద భాగం లండనుకు ఓడలో పోయినవి. అక్కడా ఆదరణ దొరకలేదు. కొంతకాలం ఆరుబయట పడివుండి చలికి, మంచుకు దెబ్బతిన్నవి. తరువాత ఒక బండ్లకొట్టంలో మూలుగుతూ వుండగా 1867 ప్రాంతాలలో ఫెర్గుసన్ పండితుడు వాటిని గుర్తించి వెలుగులోనికి తెచ్చాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరినవి. తెలుగునేల విడిచిపోయిన ఆ రాళ్ళు కూడా ఒక విధంగా ప్రవాసాంధ్రులే. బయలుదేరేముందు వాటి ముఖం ఎట్లా వుండేదో చూపడానికి ట్రైప్ పటాలు మిగిలివున్నవి.

గవర్నరు తీర్పు

ఇంత పని జరుగుతూ వుండగా దేశంలో 1857 తిరుగుబాటు వచ్చిపోయింది. ఖజానా వట్టిపోయింది, కంపెనీ పోయి రాణిగారి ప్రభుత్వం వచ్చింది. 1859లో సర్ చార్లెస్ ట్రెవెల్యాన్ మద్రాసు గవర్నరుగా వచ్చి ఖర్చులు తగ్గించ పూనుకొన్నాడు. ఛాయాచిత్రశాఖ ఆయన కంటికి విలాసంగా కనిపించింది. పని నిలుపమని ఉత్తరువు వెలువడింది. ట్రైప్ తన వాదన వినిపించినా ఫలితం లేకపోయింది. 1860లో దుకాణం కట్టివేసి సెలవు మీద స్వదేశం వెళ్ళిపోయాడు. విచిత్రమేమంటే, ఆదాయపు పన్ను విషయంలో పైప్రభుత్వాన్ని బహిరంగంగా ఎదిరించినందుకు ట్రెవెల్యాన్ కూడా ఆ 1860లోనే గవర్నరు పదవి పోగొట్టుకొని వెనుకకు పోవలసివచ్చింది.

ట్రెవెల్యాన్ తీర్పు పూర్తిగా అన్యాయమనీ అనలేము. జనం పన్నులు కట్టలేక బాధపడుతున్న రోజులలో పటాల సంపుటాలకు డబ్బు పోయడం ప్రశ్నించదగినదే. అయితే ఆయన లెక్కలో వెండి ద్రావకం ధర వున్నది, కాగితం ధర వున్నది, కూలివాండ్ర జీతాలు వున్నవి. రేపు కూలిపోబోయే స్తంభం ధర మాత్రం లేదు. ఆ పద్దు వ్రాయడానికి ఆయన చిట్టాలో గడి లేదు.

ట్రైప్ మనసు విరిగింది. తిరిగి వచ్చి పటాలంలో ఉద్యోగం చేశాడు, పైమెట్లెక్కాడు, 1870 ప్రాంతాలలో బర్మాలో వున్నప్పుడు కొద్ది పటాలు తీసినాడే గాని, మునుపటి దీక్ష మళ్ళీ రాలేదు. చివరకు గౌరవ మేజర్ జనరల్ హోదాతో విరమించి, పుట్టిన డెవన్‌పోర్టు చేరి, 1902లో అక్కడే కన్నుమూశాడు. ఎనభై యేండ్ల జీవితంలో ఆయనను మనం తలచుకొనేది ఆరేడు సంవత్సరాల పనికే. చాలాకాలం ఆయన పేరు పండితులకు తప్ప తెలియదు. 2014, 2015 సంవత్సరాలలో వాషింగ్టన్, న్యూయార్కు, లండన్ నగరాలలో ఆయన పటాల పెద్ద ప్రదర్శనం జరిగిన తర్వాత కీర్తి మళ్ళీ చిగిర్చింది.

గుణదోషాలు

పెద్దవారిని పొగడడంతో సరిపెట్టక గుణదోషాలు రెండూ ఎంచడం మంచిది. ఆ నాటి రసాయనం నీలిరంగుకు తొందరగా లొంగుతుంది. అందువల్ల నేల సరిగా వచ్చేసరికి ఆకాశం సున్నం కొట్టిన గోడవలె తెల్లబోతుంది. ట్రైప్ కొన్ని నెగటివుల మీద కుంచెతో మబ్బులు దిద్దాడు. చెట్ల ఆకులను కూడా సవరించాడు. ఇది మోసమా, నేర్పా? రాతికి సాక్ష్యమిచ్చేవాడు ఆకాశంలో లేని మబ్బు పెట్టవచ్చునా? నా మట్టుకు శాసనం మీద చెయ్యి పెట్టనంతవరకు మబ్బు మీద పెట్టిన చెయ్యి క్షమించదగినది. కాదనేవారు కూడా వుంటారు. వారి వాదమూ తీసివేయదగినది కాదు.

రెండవ దోషం ఇంకా పెద్దది. ఆయన గుడులలో జనం అరుదు. మదుర వీధులలో అంగళ్ళు లేనట్టు, తంజావూరులో అర్చకులు లేనట్టు తోస్తుంది. కెమెరా కన్ను నిదానం కావడం ఒక కారణం; ఏలినవారికి కట్టడాలు కావాలి గాని వాటి నడుమ బ్రతికేవారు అక్కరలేకపోవడం మరొక కారణం కావచ్చు. ఆ లోటు తీర్చవలసినవారు మనమే. మన ఇండ్లలోని పటాలలో వున్నది మనుష్యులే గదా.

అయితే ఆ మనుష్యుల పేర్లు ఎంతమందికి తెలుసు? అవ్వ పోతే ఆమె పక్కన నిలుచున్నది ఎవరో చెప్పేవారు వుండరు. ట్రైప్ తన పటాలకు సంఖ్య వేశాడు, స్థలం పేరు వ్రాశాడు. వివరణలు పండితులచేత వ్రాయించారు. కనుకనే అవి నేటికీ మాట్లాడుతున్నవి. మనము కూడా పటం వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాసి పెట్టుకోవాలి. ఫోనులోని పటాలలో మేలైనవి కొన్ని ఏరి కాగితం మీదకు తెచ్చుకోవాలి. ఉగాదినాడు కవిసమ్మేళనంతోపాటు, ప్రతి ఇంటినుండి ఒక పాతపటం తెచ్చి బల్ల మీద పరచి, పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాసుకొనే ఒక గంట మన సంఘంవారు ఏర్పాటు చేస్తే ఎంత బాగుంటుంది! ఇతడు మా చిన్నాన్న కాడు, మీ పెదనాన్న అని ఒకరు దిద్దితే, ఆ గుడి చంద్రగిరిది కాదు, కాణిపాకంది అని మరొకరు దిద్దుతారు. ఆ దిద్దుబాటులోనే చరిత్ర నిలుస్తుంది.

షడ్రుచుల పచ్చడిలో చేదు కూడా తిని తీరాలని మన పెద్దలు నియమం పెట్టారు. ట్రైప్ దొర జీవితంలో ఆ చేదు పాలు కొంచెం ఎక్కువే. అయినా ఆయన చేసిన పని మన రాళ్ళకు ఆయుష్షు పోసింది. క్రొత్త సంవత్సరం మన ఇండ్లలోని పాతపటాలకు కూడా అట్టి ఆయుష్షు ఇచ్చుగాక. పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.